లాఠీ లేని కాపలా

1921 మార్చి 31న, ఏప్రిల్ 1న బెజవాడలో అఖిల భారత కాంగ్రెస్ కమిటీ సమావేశమైంది. సభ జరిగింది ఇప్పుడు బందరు రోడ్డు మీద బాపూ మ్యూజియంగా మనం చూస్తున్న విక్టోరియా జూబిలీ భవనంలో. అప్పటికి ఊరి జనాభా యాభై వేలు కూడా లేదు. గాంధీజీని చూడటానికి వచ్చిన జనం రెండు లక్షలని చెబుతారు. మద్రాసు, కలకత్తా, హైదరాబాదు రైళ్లు కలిసే జంక్షన్ కాబట్టి కొందరు రైళ్లలో దిగారు. కాలువల మీద పడవల్లో కొందరు, ఎడ్లబళ్లు కట్టుకుని కొందరు, నడిచి మరెందరో వచ్చారు.

ఆ రెండు రోజుల నుంచి మనకు బాగా గుర్తున్నది పింగళి వెంకయ్య గాంధీజీకి ఇచ్చిన జెండా నమూనా. గుర్తుండాల్సిందే. నేను చెప్పదలచుకున్నది మాత్రం ఆ జనాన్ని ఎవరు అదుపులో పెట్టారన్న సంగతి. తొక్కిసలాట లేకుండా దారి చేసిందెవరు? తప్పిపోయిన ముసలమ్మను ఆమె ఊరివాళ్ల దగ్గరికి చేర్చిందెవరు? సర్కారు పోలీసుల మీద ఆధారపడని సభ అది. ఆ ప్రభుత్వానికి సహాయ నిరాకరణ చేయడానికే కదా అంతమంది కూడింది!

లోపల నాయకులు చేసిన తీర్మానాలు ప్రసిద్ధం. తిలక్ స్వరాజ్య నిధికి కోటి రూపాయలు, కాంగ్రెసుకు కోటి మంది సభ్యులు, ఇళ్లల్లో 20 లక్షల రాట్నాలు, అన్నీ జూన్ 30 లోగా. వాటి పక్కనే అంత ప్రసిద్ధి లేని మాట ఇంకొకటి ఉంది. శాసనోల్లంఘనకు దేశం ఇంకా సిద్ధంగా లేదని, అందుకు కావలసిన క్రమశిక్షణ, కట్టుబాటు ఇంకా ఏర్పడలేదని కూడా ఆ కమిటీ తీర్మానించింది. నాకు ఆ సభ మొత్తంలో అన్నిటికన్నా ముఖ్యమైనది ఈ మాటే. పోరాటానికి ధైర్యం ఉంటే చాలదు, సాధన కావాలని ఒక జాతీయ సభ ఒప్పుకున్న చోటు మన బెజవాడ.

చిత్రమేమిటంటే, లేదని లోపల అనుకుంటున్న ఆ క్రమశిక్షణ కాషాయ బట్టలు కట్టుకుని, మెడలో రుద్రాక్షలు వేసుకుని, నుదుట బొట్టు పెట్టుకుని బయట వాకిట్లోనే నిలబడి ఉంది. ఆ వలంటీర్ల పేరు రామదండు. వాళ్లను తయారుచేసిన మనిషి దుగ్గిరాల గోపాలకృష్ణయ్య.

ఆయన 1889లో కృష్ణా జిల్లా పెనుగంచిప్రోలులో పుట్టాడు. పసితనంలోనే తల్లినీ తండ్రినీ పోగొట్టుకుని బంధువుల ఇంట పెరిగాడు. స్నేహితుడు నడింపల్లి నరసింహారావుతో కలిసి స్కాట్లండ్ వెళ్లి ఎడింబరో విశ్వవిద్యాలయంలో ఎం.ఏ. చదివాడు. ఆ రోజుల్లోనే ఆనంద కుమారస్వామితో కలిసి నందికేశ్వరుడి అభినయ దర్పణాన్ని ఇంగ్లీషులోకి తెచ్చాడు. 1917లో హార్వర్డ్ విశ్వవిద్యాలయ ముద్రణాలయం దాన్ని ప్రచురించింది. తిరిగి వచ్చాక రాజమండ్రిలోనూ బందరు జాతీయ కళాశాలలోనూ కొన్నాళ్లు పాఠాలు చెప్పాడు. ఎక్కడా కుదురుకోలేదు. చివరికి చీరాల చేరాడు.

ఆయన గురించి రాసేవాళ్లు అభినయ దర్పణాన్ని ఒక ముక్కలో చెప్పేసి ముందుకు వెళ్లిపోతారు. నాకు మాత్రం రామదండు రహస్యం కొంత అక్కడే ఉందనిపిస్తుంది. చెయ్యి ఎలా ఎత్తాలి, చూపు ఎటు నిలపాలి, అడుగు ఎక్కడ వెయ్యాలి అన్నది పుస్తకం చదివితే వచ్చే విద్య కాదు, రోజూ చేస్తే ఒంటికి పట్టే విద్య. దెబ్బ పడుతున్నప్పుడు చెయ్యి ఎత్తకుండా ఉండటం కూడా అలాంటిదే. ఉపన్యాసం విని ఊగిపోయిన కుర్రాడు మొదటి లాఠీ దెబ్బకు పారిపోతాడు, లేదంటే రాయి అందుకుంటాడు. వరసలో నిలబడటం, చెప్పిన చోటికి చెప్పిన వేళకు చేరడం, కేకకు కేక వేయకపోవడం అలవాటైనవాడు నిలుస్తాడు. రామాయణం తెలియని పల్లె లేదు కాబట్టి ఆ సాధనకు ఆయన వానరసేన పేరు పెట్టాడు. సుమారు వెయ్యిమంది చేరారు.

ఈ దండు అసలు పరీక్ష బెజవాడలో జరగలేదు, చీరాలలో జరిగింది. చీరాల, పేరాల పక్కపక్క ఊళ్లు, నేతగాళ్లు ఎక్కువ. రెంటినీ కలిపి ప్రభుత్వం మునిసిపాలిటీ చేసింది. ఏడాదికి 4,000 రూపాయలున్న పన్ను దాదాపు 40,000కు పెరిగింది. మాకీ మునిసిపాలిటీ వద్దని జనం అర్జీలు పెట్టారు. వినలేదు. పన్ను కట్టేది లేదన్నారు, జైళ్లకు వెళ్లారు. వెళ్లినవాళ్లలో రావూరి అలమేలమ్మ అనే ఆడమనిషి కూడా ఉంది. బెజవాడ సభ ముగిశాక గాంధీజీ చీరాల వచ్చినప్పుడు రెండు దారులు చెప్పాడు. ఒకటి, అహింసతో పన్ను నిరాకరించడం. రెండోది, ఊరే వదిలి వెళ్లిపోవడం, అంటే దేశత్యాగం. ఏది చేసినా మీ సొంత బలం మీదే చెయ్యాలని, కాంగ్రెస్ బాధ్యత తీసుకోదని కూడా చెప్పాడు.

వాళ్లు రెండో దారి పట్టారు. 15,000 మందిలో 13,000 మందికి పైగా ఇళ్లకు తాళాలు వేసి మునిసిపాలిటీ ఎల్లల అవతల తాటాకు పాకలు వేసుకున్నారు. ఆ పాకల ఊరికి రామనగరమని పేరు పెట్టారు. ఎండాకాలం పోయింది, వానాకాలం వచ్చింది, చలికాలం కూడా వచ్చింది. పదకొండు నెలలు అక్కడే ఉన్నారు.

ఆ పదకొండు నెలలను ఊహించుకుంటే రామదండు ఎందుకు కావలసివచ్చిందో అర్థమవుతుంది. పదమూడు వేల మంది పాకల్లో ఉన్నప్పుడు నీళ్ల దగ్గర తగాదా వస్తుంది. నిప్పు అంటుకుంటుందన్న భయం ఉంటుంది. తాళం వేసి వచ్చిన ఇంట్లో దొంగలు పడ్డారన్న పుకారు పుడుతుంది. ఊళ్లోనే ఉండిపోయిన వాళ్ల మీద కోపం పెరుగుతుంది. వీటిలో ఏ ఒక్కటి అదుపు తప్పినా ప్రభుత్వానికి తుపాకులు తేవడానికి సాకు దొరికేది. కాపలా, భజనలు, తగవులు తీర్చే పంచాయతీ, ఇవన్నీ కలిసి ఆ సాకు దొరకకుండా చేశాయి. శాంతిభద్రతలు ప్రభుత్వమే ఇవ్వాలి, జనం పుచ్చుకోవాలి అన్న అలవాటుకు ఇంత పెద్ద ఎదురు ఉదాహరణ ఆ కాలపు భారతదేశంలో మరెక్కడ ఉందో నాకు తెలియదు.

గోపాలకృష్ణయ్యను బరంపురంలో మాట్లాడినందుకు పట్టుకుని ఏడాది జైలు వేశారు. నాయకుడు లేడు, డబ్బు లేదు. 1922 మొదట్లో జనం ఒక్కొక్కరే ఇళ్లకు తిరిగి వచ్చారు. మునిసిపాలిటీ పోలేదు. ఆ లెక్కన చూస్తే చీరాల ఓడిపోయింది. కాని అన్ని నెలల పాటు అంతమంది కష్టపడినా ఆ పోరాటం హింసలోకి దిగలేదు. ఆయన 1928లో, నలభై నిండకుండానే, క్షయతో పోయాడు. విజయవాడలో ఆంధ్రరత్న భవన్ ఆయన బిరుదు మీద వెలిసిందే.

చీరాల పాకల్లో జనం ఇంకా ఉండగానే, చీరాల అప్పుడున్న గుంటూరు జిల్లాలోనే పెదనందిపాడు ఫిర్కా లేచింది. ఇది పల్లెల పోరాటం. భూమిశిస్తు కట్టేది లేదని రైతులన్నారు, కరణాలు, మునసబులు రాజీనామాలు ఇచ్చారు. పర్వతనేని వీరయ్య చౌదరి దీనికి నాయకుడు, జనం ఆయన్ని ఆంధ్ర శివాజీ అన్నారు. ఆయన నాలుగు వేల మందితో ఒక దళం కట్టాడు. దాని పేరు శాంతిసేన. జప్తుకు వచ్చిన అధికారి మీద ఎవరూ చెయ్యి చేసుకోకుండా చూడటం, వేలంలో ఎవరూ పాడకుండా నచ్చజెప్పడం, పల్లె పల్లెకు కబురు చేరవేయడం వాళ్ల పని. వినోబా భావే కేరళలో శాంతిసేన స్థాపించింది 1957లో. అంటే ఆ పేరుతో ఒక దళం కృష్ణా పడమటి డెల్టా అంచున ముప్ఫై ఐదేళ్ల ముందే కవాతు చేసింది. శాంతి ఉద్యమాల చరిత్ర రాసేవాళ్లు సాధారణంగా ఈ ఊరి పేరు ఎత్తరు. ఎత్తాలి.

ఇక్కడ ఆగి ఒక విషయం చెప్పాలి. పన్నుల నిరాకరణకు దిగే ప్రాంతం కొన్ని షరతులు తీర్చాలని 1921 నవంబరులో ఢిల్లీలో కూడిన అఖిల భారత కాంగ్రెస్ కమిటీ నిర్ణయించింది. ఖద్దరు కట్టాలి, అహింస పాటించాలి, హిందూ ముస్లిం ఐక్యత ఉండాలి, హిందువుల్లో అంటరానితనం పోవాలి. గుంటూరు ఈ షరతులు తీర్చిందా అని కాంగ్రెస్ నాయకుడు కొండా వెంకటప్పయ్యకూ గాంధీజీకీ మధ్య ఉత్తరాలు నడిచాయి. గాంధీజీకి సందేహం ఉంది. ఆ సందేహం సరైనదే. అహింస విషయంలో జిల్లా గట్టిగా నిలిచింది. నాలుగో షరతు మాత్రం ఏ పల్లె తీర్చిందని చెప్పగలం? ఆ బాకీ ఎప్పుడు బయటపడిందో కింద చెబుతాను.

1922 ఫిబ్రవరి 4న గోరఖ్‌పూర్ జిల్లా చౌరీచౌరాలో గుంపు పోలీసు స్టేషన్‌ను తగలబెట్టింది, 22 మంది పోలీసులు చనిపోయారు. ఫిబ్రవరి 12న బార్డోలీలో కాంగ్రెస్ కార్యవర్గం ఉద్యమాన్ని నిలిపేసింది. పెదనందిపాడు కూడా ఆ నెలలోనే ఆగింది. చౌరీచౌరాలోనూ వలంటీర్లు ఉన్నారు. వాళ్లు పేర్లు రాయించుకున్నారు, ప్రమాణం చేశారు. రెచ్చగొట్టినప్పుడు ఏం చెయ్యాలన్న అలవాటు మాత్రం లేకపోయింది. బెజవాడ తీర్మానం భయపడింది ఇందుకే.

ఆ పాఠం దేశానికి చేరిన చోటు కూడా మన తీరమే. 1923 డిసెంబరులో కాకినాడలో కాంగ్రెస్ మహాసభ జరిగింది. ఆ ఏడాదే నాగపూర్ జెండా సత్యాగ్రహంలో జైలు కష్టాలకు తట్టుకోలేక క్షమాపణలు రాసిచ్చిన వలంటీర్లు చాలామంది. హుబ్లీ నుంచి ఎన్.ఎస్. హర్డీకర్ వెంట వెళ్లినవాళ్లు నిలబడ్డారు. కారణం, వాళ్లు ముందే తర్ఫీదు పొందినవాళ్లు. దేశమంతటికీ అలాంటి దళం ఉండాలని కాకినాడలో వలంటీర్ల సదస్సు జరిగింది. దానికి అధ్యక్షుడు జవాహర్‌లాల్ నెహ్రూ. తర్వాత సేవాదళ్ అయిన సంస్థ పుట్టింది అక్కడే.

ఆ కాకినాడలోనే ఖద్దరు ప్రదర్శన గేటు దగ్గర పద్నాలుగేళ్ల పిల్ల కాపలా ఉంది. టికెట్ లేనిదే ఎవర్నీ వదలొద్దని ఆమెకు చెప్పారు. నెహ్రూ వచ్చాడు. టికెట్ లేదు. ఆమె ఆపేసింది. నిర్వాహకులు కంగారుపడి వచ్చి కోప్పడితే, మీరు చెప్పిందే చేశానంది. టికెట్ కొన్నాక లోపలికి పంపింది. నెహ్రూ ఆమెను మెచ్చుకున్నాడు. ఆ పిల్ల దుర్గాబాయి, తర్వాత రాజ్యాంగ సభ సభ్యురాలు దుర్గాబాయ్ దేశ్‌ముఖ్. ఈ కథను ఆమె ధైర్యం గురించి చెబుతారు. నిజమే, ధైర్యమే. కానీ మర్యాద తప్పకుండా, గొంతు పెంచకుండా, ఎంత పెద్దవాడికైనా ఒకే నియమం అనడం కాపలా విద్యలో మొదటి పాఠం. ఆ వయసులో ఆ పిల్లకు అది వచ్చింది.

చివరి పాఠం బందరు కోనేరు సెంటర్‌లో చూడాలి. 1930 ఉప్పు సత్యాగ్రహం రోజుల్లో తోట నరసయ్య నాయుడు అక్కడ జెండా ఎగరేయడానికి పూనుకున్నాడు. ఆయన మల్లయోధుడు. పోలీసులు స్పృహ తప్పేదాకా కొట్టారు. జెండా వదల్లేదు, చెయ్యి ఎత్తలేదు. కండబలం లేనివాడు కొట్టకుండా ఉంటే అది చేతకానితనమని ఎవరైనా అనగలరు. కుస్తీ పట్టేవాడు కొట్టకుండా ఉంటే ఆ మాట అనగలిగేవాడు లేడు. అదే ఏడాది వాయవ్య సరిహద్దులో ఖాన్ అబ్దుల్ గఫార్ ఖాన్ ఎర్రచొక్కాల పఠాన్లు పెషావర్‌లో అలాగే నిలబడ్డారు.

రామదండులో నాకు ఒక కొరత కనిపిస్తుంది. కాషాయం, రుద్రాక్ష, రాముడు, ఇవి పల్లెను ఒక్కరాత్రిలో కదిలించగల గుర్తులు. అవే గుర్తులు కొందరిని గుమ్మం బయట నిలబెడతాయి. ఖిలాఫత్ కోసం ముస్లింలు కూడా వీధిలోకి వచ్చిన ఏడాది అది. 1938లో గాంధీజీ హరిజన్ పత్రికలో శాంతిదళానికి కావలసిన లక్షణాలు రాసినప్పుడు, అన్ని మతాల మీద సమాన గౌరవం ఉండాలన్నాడు. గొడవ వచ్చాక పరిగెత్తడం కాకుండా ముందే ఆ వీధి మనుషులతో పరిచయం పెంచుకోవాలన్నాడు. ఒంటరిగానైనా వెళ్లగలగాలి, దూరం నుంచే గుర్తుపట్టే దుస్తులు ఉండాలి అన్నాడు. శాంతిసేన గురించి మాట్లాడటానికి 1948 ఫిబ్రవరిలో సేవాగ్రాంలో సహచరులను కలవాలనుకున్నాడు. జనవరి 30న కాల్చి చంపారు.

దేవుడి గుర్తు లేకుండా ఈ పని చేయవచ్చా అన్న ప్రశ్నకు కూడా జవాబు కృష్ణా జిల్లా నుంచే వచ్చింది. గోపరాజు రామచంద్రరావు, అందరికీ గోరా, 1940లో ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టాడు. 1947లో దాన్ని విజయవాడ పటమటకు మార్చాడు. నాస్తికుడై ఉండి సేవాగ్రాం వెళ్లి గాంధీజీతో వాదించాడు, అక్కడే పనీ చేశాడు. ఆ సంభాషణలను 1951లో నవజీవన్ సంస్థ పుస్తకంగా వేసింది. ఆయన పెద్ద కూతురు మనోరమకు దళిత యువకుడు అర్జునరావుతో పెళ్లి గాంధీజీ ఉండగానే అనుకున్నారు, ఆయన పోయాక 1948 మార్చిలో సేవాగ్రాంలో జరిగింది. ఢిల్లీ షరతుల్లో నాలుగోదాన్ని ఈ ఇల్లు తన ఇంట్లోనే తీర్చింది. 1972లో విజయవాడలో మొదటి ప్రపంచ నాస్తిక మహాసభ పెట్టినవాళ్లూ వీళ్లే.

గోరా కొడుకు లవణం ఆంధ్ర పల్లెల్లో వినోబాకు దుబాసీగా తిరిగాడు. చంబల్‌లో బందిపోట్లు వినోబా ముందు, తర్వాత జయప్రకాశ్ నారాయణ్ ముందు ఆయుధాలు పెట్టిన కాలం అది. లవణం, ఆయన భార్య హేమలత (కవి జాషువా కూతురు) 1970లలో స్టూవర్టుపురం వెళ్లారు. బాపట్లకూ చీరాలకూ మధ్య ఉన్న ఆ ఊరిని 1913లో సాల్వేషన్ ఆర్మీ పెట్టింది. పుట్టుకతోనే నేరస్థులని చట్టం ముద్ర వేసిన కుటుంబాలను అక్కడ కట్టడి చేశారు. 1952లో చట్టం పోయినా ముద్ర పోలేదు. హేమలత ఆ ఇళ్లల్లో కూర్చుని, ఆడవాళ్లతో మాట్లాడి, పిల్లల్ని బడికి పంపించి, మనుషులకు పని చూపించింది. భద్రత అనే మాటకు నాకు తెలిసిన మంచి అర్థం అది.

ఆ స్టూవర్టుపురానికి చేరువలోనే, చీరాల పక్కన, కారంచేడు. 1985 జూలై 17న అక్కడ ఆరుగురు దళితులను చంపారు. మంచినీళ్ల చెరువు దగ్గర మొదలైన గొడవ అది. బతికినవాళ్లు ఊరు వదిలి చీరాల చేరారు, తిరిగి వెళ్లేది లేదన్నారు, అక్కడే శిబిరం వేసుకుని నిలబడ్డారు. అరవై నాలుగేళ్ల తర్వాత చీరాల నేల మీద రెండో దేశత్యాగం. మొదటిదాన్ని మనం పాఠ్యపుస్తకంలో చదువుకుంటాం. రెండోది కూడా అంత శ్రద్ధగా చదువుకోవాలి. 1921 నాటి నాలుగో షరతు తీరలేదని చెప్పింది వాళ్లే. ఆ సెప్టెంబరు 1న తెనాలిలో దళిత మహాసభ ఏర్పడింది. బొజ్జా తారకం, కత్తి పద్మారావు దాన్ని నడిపారు. శాంతి, సంఘర్షణల మీద డెల్టాలో జరిగిన సభల్లో నేను దాన్ని చాలా ఎత్తున ఉంచుతాను. న్యాయం సంగతి తేల్చకుండా శాంతి మాట ఎత్తొద్దని అది చెప్పింది. తెనాలి దగ్గరి చుండూరులో 1991 ఆగస్టు 6న మళ్లీ ఎనిమిది మంది దళితుల్ని చంపడం, ఆ మాట ఎవరి చెవికీ ఎక్కలేదనడానికి సాక్ష్యం.

1988 డిసెంబరు 26న నిరాహార దీక్షలో ఉన్న ఎమ్మెల్యే వంగవీటి మోహనరంగా హత్య జరిగినప్పుడు విజయవాడ రోజుల తరబడి మండింది. కర్ఫ్యూ పెట్టారు. సేవాదళ్‌కు ముందే వలంటీర్లను తయారుచేసిన డెల్టాలో, ఆ రోజు వీధి మొగలో నిలబడి పుకారును ఆపగల తర్ఫీదున్న వందమంది ఉండి ఉంటే ఎన్ని దుకాణాలు, ఎన్ని ప్రాణాలు మిగిలేవో!

ఇప్పుడు నగరంలో శాంతి మీద, భద్రత మీద సదస్సు అంటే ఏసీ హాలు, పవర్ పాయింట్, జ్ఞాపికలు, మధ్యాహ్నం భోజనం, సర్టిఫికెట్లు. వచ్చే వక్తలు మంచివాళ్లే, చెప్పేదీ మంచిదే. అయితే సాయంత్రానికి హాలు ఖాళీ అయ్యాక ఏ వార్డులోనూ ఒక్క దళం కూడా మిగలదు. అందుకే అలాంటి సదస్సు తలపెట్టే కళాశాలలకు, సంస్థలకు నా విన్నపం ఇది. రెండు రోజుల్లో ఒక రోజు ఉపన్యాసాలకు ఇవ్వండి, రెండో రోజు సాధనకు ఇవ్వండి. జనం తోసుకుంటున్నప్పుడు దారి ఎలా చెయ్యాలి, వాట్సాప్‌లో వచ్చిన పుకారు నిజమో కాదో గంటలో ఎలా తేల్చాలి, తిట్టినవాడితో ఎలా మాట్లాడాలి అన్నవి చేయించి నేర్పండి. చీరాల నేత కుటుంబాలను, కారంచేడు నుంచి వచ్చి స్థిరపడ్డవాళ్లను, స్టూవర్టుపురం పెద్దలను వేదిక మీదికి పిలవండి, ముందు వాళ్లను మాట్లాడనివ్వండి. వెళ్లేటప్పుడు ఒక్కో వార్డు నుంచి పదిమంది పేర్లు రాసుకోండి. వాళ్లలో సగం ఆడవాళ్లుండాలి, అన్ని కులాలవాళ్లు, మతాలవాళ్లు ఉండాలి. వాళ్లను మూడు నెలలకోసారి మళ్లీ కూర్చోబెట్టండి.